తుప్పు తిన్న ట్రాక్టరు రిమ్ము: మరమ్మతు డైరీ

మొదటి రోజు

ఈ పాత ట్రాక్టరు ఎడమ వెనక చక్రంలో వాల్వు చుట్టూ అరచెయ్యంత మేర ఒక తడి మరక చాలాకాలంగా ఉంది. ఎండాకాలంలో కూడా అది ఆరకపోవడం వింతగానే అనిపించేది కాని, ట్యూబులోని నీరు కాస్త చెమరుస్తోందని సరిపెట్టుకుని, వాల్వు లోపలి పిన్ను రెండుసార్లు మార్చి ఊరుకున్నాను. కిందటి వారం చక్రానికి పట్టిన బురద కడుగుతూ ఆ మరక మీద స్క్రూడ్రైవరు మొనతో గీస్తే, రంగు పెంకులా లేచి, దాని వెనకే తుప్పు పొరలు పొరలుగా ఊడి, చివరికి మొన లోపలికి దిగి మెత్తగా ట్యూబుకు తగిలింది. రిమ్ముకు చిల్లు పడిందని అప్పుడు గాని తెలియలేదు.

టైరు సైజు 13.6-28. రిమ్ము వెడల్పు 12 అంగుళాలు, వ్యాసం 28 అంగుళాలు. నాకు ముందు ఈ ట్రాక్టరును వాడినవారు వెనక చక్రాలకు బరువు రావడం కోసం ట్యూబుల్లో కాల్షియం క్లోరైడు కలిపిన నీళ్లు నింపారు. ఆ ద్రావణం మామూలు నీళ్లకన్నా బరువుగా ఉంటుంది, నీళ్లు గడ్డకట్టే చలిలోనూ అది గడ్డకట్టదు. ట్యూబులో ఉన్నంతవరకూ దానివల్ల రిమ్ముకు ఏ హానీ లేదు. అయితే వాల్వు పక్కనుంచి వెంట్రుకవాసి కారినా, ఆ ఉప్పు గాలిలోని తేమను తానే లాక్కుంటూ ఎన్నటికీ ఆరని తడిగా ట్యూబుకూ ఇనుముకూ మధ్య కూర్చుంటుంది, వాల్వు రంధ్రం గుండా గాలి కూడా అందుతూ ఉంటుంది కనుక తుప్పుకు కావలసినవన్నీ ఒకే చోట సమకూరుతాయి. పాత ట్రాక్టర్ల రిమ్ములు ఎక్కువగా వాల్వు దగ్గరే చిల్లుపడటానికి కారణం ఇదే. నేను ఇన్నాళ్లూ చూస్తూ వచ్చిన ఆరని మరక అదేనన్నమాట.

ఈ రోజు చేసిన పని తక్కువ. ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, వెనక ఇరుసు కింద జాకీ వేసి లేపి, జాకీని నమ్మకుండా ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాను. వాల్వు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పిన్ను తీసి ద్రావణాన్ని ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి పట్టాను. నేల మీద వదిలితే అక్కడ గడ్డి కూడా మొలవదు. తోలు బూట్ల మీద పడితే తోలు బిగుసుకుపోతుంది, కంట్లో పడితే చెప్పనక్కరలేదు. కళ్లజోడు, రబ్బరు చేతి తొడుగులు పెట్టుకునే ఈ పని చేశాను.

గాలి తీసేసి, టైరు రిమ్ము మీద ఉండగానే బయటినుంచి చిన్న బిళ్ల పెట్టి వెల్డు చేస్తే అరగంటలో తేలిపోతుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ పని మాత్రం ఎవరూ చేయకూడదు. రిమ్ము వేడెక్కితే దానికి ఆనుకున్న టైరు రబ్బరు లోపలివైపున కాగి మండే వాయువులు విడుదల చేస్తుంది. అవి టైరులో పోగై ఒక్కసారిగా అంటుకుంటే, గాలి లేని టైరు కూడా బాంబులా పేలుతుంది. వాల్వు పిన్ను తీసి ఉండటం ఆ పేలుడును ఆపదు, ఆ ఒత్తిడి అంత చిన్న రంధ్రంలోంచి బయటపడే వ్యవధి ఉండదు. పైగా వెల్డింగు ముగించాక కూడా ఆ ప్రమాదం కొంతసేపు ఉంటుంది. టైరు పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టాకే రిమ్ముకు నిప్పు తగలాలి.

రెండో రోజు

టైరు ఊడదీయడానికి పూటంతా పట్టింది. టైరు అంచు, అంటే లోపల ఉక్కు తీగలుండే బీడు, ఏళ్ల తరబడి తుప్పుతో రిమ్ముకు అతుక్కుపోయింది. సబ్బునీళ్లు పోసి, గంట నానబెట్టి, బల్లపరుపు మొన ఉన్న సుత్తితో చుట్టూ కొద్దికొద్దిగా కొట్టుకుంటూ వస్తే మూడో చుట్టులో ఒకచోట 'పట్' మని విడిచింది. ఒక చోట విడిచాక తక్కినదంతా సులువుగానే వచ్చింది. రిమ్ము మధ్యలో గాడిలాంటి పల్లం ఉంటుంది. లివరుతో ఎత్తే చోటికి సరిగ్గా ఎదురువైపు బీడును కాళ్లతో తొక్కి ఆ పల్లంలోకి దించకపోతే, ఎంత బలవంతుడు ఎంత పొడవు లివరు వాడినా టైరు రాదు. బలవంతం చేస్తే బీడు తీగలు తెగుతాయి. ఈ సంగతి తెలిసి కూడా మొదటి అరగంట తొందరలో మరిచాను.

ట్యూబు బయటికి వచ్చాక రిమ్ము లోపలివైపు కనిపించిన దృశ్యం ఇది. పల్లం అడుగున తెల్లని ఉప్పు పేరుకుని, దాని కింద నల్లని తుప్పు చింతపండు తొక్కల్లా పొరలుగా లేచి ఉంది. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పైకి మందంగా, బలంగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. సుత్తి మొనతో చుట్టూ తట్టుతూ వెళ్లాను. మంచి ఇనుము మీద గంటలా ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట కుండ పెంకులా మొద్దుగా పలుకుతుంది. చప్పుడు మారిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. బయటినుంచి చూస్తే చిక్కుడు గింజంత చిల్లు ఒకటి, ఆవగింజలంతవి రెండు ఉన్నాయి. సుద్ద గీతలు కలిపి చూస్తే 140 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల వెడల్పు తేలింది. మంచి చోట రేకు మందం 5 మిల్లీమీటర్లు, గీత లోపల 2 మిల్లీమీటర్లు కూడా లేదు.

కుడి చక్రాన్ని కూడా ఇదే ఊపులో దించి చూశాను. దానికి చిల్లు లేదు, పైకి ఎడమదానికన్నా నిక్షేపంగా ఉంది. అయితే చక్రం డిస్కును బిగించే లగ్గులు రిమ్ముకు వెల్డు చేసి ఉంటాయి కదా, వాటిలో రెండింటి కింద ఇరుక్కున్న మట్టిని సన్నని ఉలితో తోడితే, వెల్డు అంచు వెంట పగులు బయటపడింది. వాటిలో ఒకదాని పొడవు రెండంగుళాల పైచిలుకే. దానికి తోడు బీడు ఆనే అంచు మీద జానెడు మేర రేకు సగానికి సగం అరిగిపోయి గుంటలు పడింది. నా లెక్కలో పల్లంలో పడిన చిల్లు వేరు, బీడు ఆనే చోటి దెబ్బ వేరు, లగ్గు దగ్గరి పగులు వేరు. మొదటిదాన్ని అతకవచ్చు. తక్కిన రెండూ టైరు ఒత్తిడినీ ఇంజను లాగుడునూ నేరుగా మోసే చోట్లు కనుక వాటిని అతికి నెత్తిన పెట్టుకోవడం తెలివితక్కువ. కుడి రిమ్మును పక్కన పడేసి, దాని బదులు మరో రిమ్ము తెప్పించాలని నిర్ణయించాను. చిల్లున్నది మిగిలి, చిల్లు లేనిది పోయింది.

మూడు, నాలుగు రోజులు

గ్రైండరుకు వైరు కప్పు బిగించి లోపలా బయటా ఊడ్చాను. దుమ్ము తప్ప రాసేదేమీ లేదు. ముఖానికి షీల్డు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఎందుకంటే కప్పు నుంచి ఊడిన తీగలు సూదుల్లా వచ్చి చొక్కాకు గుచ్చుకుంటాయి.

సుద్ద గీతకు బయట 15 మిల్లీమీటర్ల వరకు జరిగి, మంచి ఇనుము అని నమ్మకం కుదిరిన చోట కోతకు గుర్తు పెట్టాను. మూలలను చతురస్రంగా వదలకుండా గుండ్రంగా తిప్పాను. పదునైన మూల ఉంటే బరువు పడినప్పుడు ఒత్తిడంతా అక్కడే పోగై పగులు అక్కడినుంచే మొదలవుతుంది. సన్నని కటింగు డిస్కుతో కోసి ఆ ముక్కను తీస్తే, కొన్నిచోట్ల చేతితోనే విరిగింది.

కొత్త బిళ్ల దేనితో చేయాలన్న దాని మీద రెండు రోజులు ఆలోచించాను. వాల్వు రంధ్రం పల్లం అడుగుకూ దాని వాలు గోడకూ దగ్గరగా ఉండటంతో కోసిన చోటు రెండు దిక్కులా వంపు తిరిగి ఉంది. చదును ప్లేటును ఆ ఆకారానికి వంచడం రోలరు యంత్రం లేకుండా నావల్ల కాదు. సుత్తితో వంచితే సరిగ్గా కూర్చోని బిళ్లకు పెద్ద పెద్ద సందులు నింపవలసి వస్తుంది. అప్పుడు పక్కన పడేసిన కుడి రిమ్ము గుర్తొచ్చింది. అదే సైజు, అదే వంపు, అదే మందం, పైగా దాని వాల్వు చుట్టూ తుప్పే లేదు. అట్టముక్క మీద కోత ఆకారం అచ్చు తీసి, దాన్ని కుడి రిమ్ము వాల్వు చోటి మీద పెట్టి గీసి, గీత బయటినుంచి కోసి, ఆకురాయితో అరగదీస్తూ వచ్చాను. వాల్వు రంధ్రంతో సహా తయారైన బిళ్ల చుట్టూ 2 మిల్లీమీటర్ల సందుతో తలుపుకు రెక్కలా అమరింది. ఈ మొత్తం పనిలో నాకు నిజంగా సంతోషం కలిగిన గంట అదొక్కటే.

బిళ్లను రంధ్రం మీద కప్పి అంచుల చుట్టూ వెల్డు చేయడం తేలిక, చాలామంది చేసేదీ అదే. నేను ఒప్పుకోలేదు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కప్పితే మధ్యలో సందు మిగులుతుంది, ఆ సందులోకి తడి చేరితే మళ్లీ మొదటి కథే. లోపలివైపు కప్పితే గట్టులా లేచిన అంచు ట్యూబును కోస్తుంది. అందుకే అంచుకు అంచు కలిపి వెల్డు చేసి, లోపలివైపు సాపుగా అరగదీయాలని మొదటే అనుకున్నాను.

అయిదో రోజు

చెడిపోయిన రోజు. తప్పు పూర్తిగా నాదే.

బిళ్లను నాలుగు చోట్ల చుక్క వెల్డులతో నిలబెట్టి, 2.5 మిల్లీమీటర్ల 7018 రకం వెల్డింగు రాడ్డుతో, 80 ఆంపియర్ల మీద మొదటి గీత మొదలుపెట్టాను. అంగుళం వెళ్లేసరికి కరిగిన లోహం అన్నం ఉడికినట్టు కుతకుతలాడింది. పైన పెంకులా గట్టిపడే స్లాగును కొట్టి చూస్తే వెల్డు నిండా సూది బెజ్జాలు, తేనెపట్టు లాగా. తేమ పట్టిన రాడ్డేమోనని కొత్త ప్యాకెట్టు విప్పి మళ్లీ గీశాను. మళ్లీ అంతే. పైన తళతళలాడేలా గ్రైండరు పట్టిన చోటే ఇలా ఎందుకవుతోందని అర్థం కాక పని ఆపాను.

సాయంత్రం గాలిలో తేమ పెరిగాక జవాబు దానంతటదే కనబడింది. ఉదయం వెండిలా మెరిసిన ఇనుము మీద, కోత అంచుకు దగ్గరలో, చెమట చుక్కల్లాంటి తడి బొట్లు లేచాయి. వాటి కింద అప్పుడే ఎర్రటి తుప్పు మొదలైంది. అక్కడక్కడా ఉన్న గుంటల అడుగున ఇంకా ఉప్పు ఉంది. వైరు కప్పు పైన రుద్దుతుంది గాని సూదిమొనంత గుంట అడుగుకు దిగదు. ఇంకా చెప్పాలంటే ఆ గుంట నోటిని మెత్తని లోహంతో పూసి మూసేస్తుంది. నేను తుప్పు తీశాను, ఉప్పు తీయలేదు. రంగు వేసేసి ఉంటే ఆరు నెలల్లో ఆ రంగు బుడగలు కట్టి లేచేది.

ఆరు నుంచి ఎనిమిదో రోజు వరకు

వెల్డు చేసిన గీత మొత్తం అరగదీసి బిళ్లను మళ్లీ ఊడదీశాను. రిమ్మును వేడినీళ్లతో, గట్టి ఒత్తిడి మీద నీళ్లు చిమ్మే పంపుతో కడిగి, ఆరబెట్టి, వైరు బ్రష్షు పట్టి, మళ్లీ కడిగాను. ఇలా రోజుకు రెండుసార్లు. కాల్షియం క్లోరైడు నీటిలో బాగా కరుగుతుంది కనుక దాన్ని తీయడానికి ఖరీదైన మందులేవీ అక్కర్లేదు, ఓపిక ఉంటే నీళ్లే చాలు.

ఎప్పటికి పోయినట్టు? దీనికి బడి ప్రయోగశాలలో అందరూ చూసిన పరీక్షే పనికొచ్చింది. డిస్టిల్డ్ వాటరులో ముంచిన దూదిని గుంటలున్న చోట పది నిమిషాలు అద్ది, పిండిన నీటిలో సిల్వర్ నైట్రేటు ద్రావణం రెండు చుక్కలు వేయాలి. క్లోరైడు ఉంటే నీరు పాలవిరుగుడులా తెల్లబడుతుంది. కుళాయి నీటిలో కూడా కొంత క్లోరైడు ఉంటుంది కాబట్టి దానితో చేస్తే ప్రతిసారీ తెల్లబడి మనల్ని తికమక పెడుతుంది. మొదటి రోజు గ్లాసు మజ్జిగలా అయింది. రెండో రోజు పలచని పొగమంచు. మూడో రోజు సాయంత్రం చుక్క వేసినా నీరు తేటగానే ఉంది. సిల్వర్ నైట్రేటు చేతికి అంటితే ఆ నల్లమచ్చ చాలా రోజులు పోదు, నా బొటనవేలే సాక్ష్యం.

తొమ్మిదో రోజు

ఈసారి వెల్డింగు సాఫీగా సాగింది. సందు వెనక మందపాటి రాగి పట్టీని ఆనించి పట్టాను. కరిగిన ఉక్కు రాగికి అంటుకోదు, రాగి వేడిని లాగేస్తుంది కనుక పలచని అంచులు కరిగి జారిపోవు. గీతను ఏకబిగిన చుట్టూ తిప్పకుండా, ఒక వైపు అంగుళంన్నర, ఎదురు వైపు అంగుళంన్నర, మధ్యలో చెయ్యి పెట్టగలిగేంత చల్లారే దాకా విరామం. ఇంత నిదానం దేనికంటే, వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది. అంతా ఒకేసారి వేడెక్కితే ఆ ముడుచుకోవడం రిమ్మునే లాగి వంకర చేస్తుంది. బయటివైపు ముగించాక లోపలివైపునుంచి అదే రాడ్డుతో ఇంకో పొర వేసి, ఫ్లాప్ డిస్కుతో సాపు చేశాను. కళ్లు మూసుకుని వేలితో తడిమితే అతుకు ఎక్కడ మొదలైందో తెలియకూడదన్నది నేను పెట్టుకున్న కొలత. రెండు చోట్ల తెలిసింది, మళ్లీ రుద్దాను.

కిరోసిన్ పరీక్ష కూడా చేశాను. వెల్డు బయటివైపు సుద్దపొడి కలిపిన నీళ్లు పూసి ఆరనిచ్చి, లోపలివైపు కిరోసిన్ రాసి అరగంట వదిలితే, సూదిబెజ్జం ఉన్న చోట సుద్ద మీద నూనె చుక్క తేలుతుంది. వాల్వు రంధ్రానికి కిందగా ఒకే ఒక్క మచ్చ వచ్చింది. కిరోసిన్ ఆనవాలు లేకుండా తుడిచి, కడిగి, ఆరబెట్టాకే ఆ చోటును తవ్వి మళ్లీ నింపాను. రెండో పరీక్షలో సుద్ద తెల్లగానే మిగిలింది.

తరవాత డిస్కుకు బిగించి ఇరుసు మీద తిప్పి చూశాను. స్టాండుకు కట్టిన సుద్దముక్కను బీడు ఆనే అంచుకు ఆనీ ఆననట్టు పెడితే ఎత్తుపల్లాలు గీతలుగా పడతాయి. కోతకు ముందు పక్కకు ఊగుడు 2 మిల్లీమీటర్లు ఉండేది, ఇప్పుడు దాదాపు 3. నిదానంగా నడిచే ట్రాక్టరుకు ఈ మాత్రం లెక్కలోనిది కాదు. అతుకు పల్లంలో ఉండటం వల్లే ఇంత తక్కువతో పోయింది.

పదో రోజు, ఆ తరువాతి వారం

వాల్వు రంధ్రం అంచులను గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా మొద్దుబార్చాను. పదునుగా వదిలితే అదే ట్యూబు వాల్వు మొదలును కోస్తుంది. గుంటల్లో మిగిలిన సన్నని తుప్పు మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టరు పూశాను. అది తుప్పును నల్లని ఐరన్ ఫాస్ఫేటుగా మార్చి పట్టు ఇస్తుంది. పొర పొరగా లేచే తుప్పు మీద పూస్తే మాత్రం దండగ. ఆపైన రెండు పూతల ఎపాక్సీ ప్రైమరు, రెండు పూతల పై రంగు. లోపలివైపు ఎవరికీ కనిపించదని పలచగా పూసేవాళ్లను చూశాను. ఈ రిమ్ము చిల్లుపడింది లోపలినుంచే కనుక అక్కడే ఎక్కువ రంగు ఖర్చయింది. లగ్గులకూ రిమ్ముకూ మధ్య ఉన్న సందులను సీలెంటుతో నింపాను, కుడి రిమ్మును చంపింది ఆ సందుల్లోని మట్టే.

ఎపాక్సీ చేతికి ఆరినట్టు తగిలినా పూర్తిగా గట్టిపడడానికి ఏడు రోజులు పట్టింది. లివరు దెబ్బకు రంగు చిట్లితే ఇన్నాళ్ల శ్రమా వృథా అవుతుంది కనుక ఆ వారమంతా దాని జోలికి పోలేదు. ఈలోగా కుడి చక్రానికి వేరే రిమ్ము వచ్చింది, దానికీ లోపల రంగు వేయించాను.

పద్దెనిమిదో రోజు

టైరు ఎక్కించాను. కొత్త ట్యూబుకు ఫ్రెంచ్ చాక్, అంటే మెత్తని టాల్క్ పొడి, రాసి, పల్లం చుట్టూ పాత ట్యూబునుంచి కోసిన వెడల్పాటి రబ్బరు పట్టీ పరిచాను. బీడుకు సబ్బు ద్రావణమే రాశాను, గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. గాలి పడుతుండగా చక్రానికి ఎదురుగా నిలబడకుండా, పొడవు గొట్టంతో పక్కనే దూరంగా నిలబడ్డాను. రెండు బీడులూ 22 పీఎస్‌ఐ దగ్గర 'టప్, టప్' మని అంచుల మీదకు ఎక్కాయి. ఎక్కకపోతే 35 దాటి నింపకూడదు, గాలి తీసి మళ్లీ సబ్బు రాసి మొదలుపెట్టాలి. ఆ తరవాత పిన్ను తీసి గాలంతా వదిలి, ట్యూబు ముడతలు సర్దుకున్నాక 14కు నింపాను.

బరువు కోసం మళ్లీ ఉప్పునీళ్లు పోసే ప్రసక్తి లేదు. రిమ్ము డిస్కులకు బిగించే పోత ఇనుప దిమ్మలు వేశాను. అవి ఎక్కించడం శ్రమే గాని కారవు.

ఇరవై రెండో రోజు

చక్రాల నట్లను ఎదురెదురుగా, దశలవారీగా బిగించి, గంటసేపు నడిపాక మళ్లీ, పది గంటలు నడిపాక ఇంకోసారి చూశాను. రెండోసారి రెండు నట్లు పావు మలుపు తిరిగాయి, కొత్త రంగు నలిగి సర్దుకోవడం వల్ల అలా అవుతుంది. ఎడమ రిమ్ము మీద, అతుకు అంచుకు అడ్డంగా, పగులు వస్తే తెలిసేలా సన్నని తెల్ల గీతలు నాలుగు గీసి ఉంచాను. నాగలి వేసి ఒక పూట దున్నిన తరువాత బురద కడిగి చూస్తే నాలుగూ తెగకుండా ఉన్నాయి. వాల్వు చుట్టూ వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది.